మా అమ్మమ్మ బల్ల మానేసిన సంగతి

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉద్యోగం చేసినవాళ్లకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరైనా వచ్చి తాతముత్తాతల సంగతి ఆరా తీస్తే, పాపం పెద్దవాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చిందని మేం అనుకోం. ఎక్కడో ఒక భూమి ముక్కకు ధర పెరిగిందని అనుకుంటాం. నేను రిటైరయ్యాను గానీ ఆ జబ్బు మాత్రం రిటైరు కాలేదు. అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత నేను పుట్టానని మా అమ్మ నలుగురిలోనూ అంటుంది. అననీ, అనుమానించి నేను నష్టపోయింది ఎప్పుడూ లేదు.

అందుకే మా పాస్టరుగారు ఒకరోజు పొద్దున్నే ఇంటికి వచ్చి, అమెరికా నుంచి ఒకామె వస్తోందనీ, తమ వంశం మొదటి నుంచీ ఎలా వచ్చిందో రాసుకుంటోందనీ, మా అమ్మను చూడాలంటోందనీ చెప్పినప్పుడు నేను కాఫీ ఇవ్వక ముందే అడిగాను.

"ఆమెకేం కావాలంట?"

"ఏం లేదక్కా. మన బంగళాలో ఉండిన దొర ఆమెకు తాతంట. ఆయన్ని ఎరిగినోళ్లు ఎవరన్నా ఉంటే మాట్లాడిపోతానంటుండాది. మన సంఘంలో అంత వయసు అమ్మగారికే కదా ఉండేది."

"మాట్లాడను అంత దూరం నుంచి వస్తుందా? ఫోన్లు లేవా వాళ్లకు?"

"మీరు మరీ అక్కా," అని ఆయన నవ్వి, గ్లాసు కోసం చెయ్యి చాచి, కిటికీలోంచి బంగళా వైపు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

అల్లూరులో మా చర్చి, దాని వెనక పాడుబడిన మిషన్ బంగళా, బంగళా వెనక మా ఇళ్ల వరస, అన్నీ ఒకే కాంపౌండులో ఉన్నాయి. మా అమ్మకు ఊహ తెలియకముందే దొరలు వెళ్లిపోతూ, బంగళాలో పని చేసిన కుటుంబాలను అక్కడే ఉండమన్నారు. ఉన్నాం. ఉండమన్న మాటే తప్ప మా దగ్గర కాగితం ముక్క లేదు. ఇంతకాలం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు చుట్టుపక్కల వరి మళ్లన్నీ రొయ్యల గుంతలైపోయాయి. కృష్ణపట్నం పోర్టుకు కంపెనీ బస్సులు తిరుగుతున్నాయి. రోడ్డు వారగా ఉన్న చౌడు నేలకు కూడా అడ్వాన్సులిచ్చి అగ్రిమెంట్లు రాసుకుంటున్నారు. ఇలాంటి రోజుల్లో దొర మనవరాలు వంశవృక్షం చంకన పెట్టుకుని వస్తోందంటే నేను ఏమనుకోవాలి?

ఇది బయటికి చెప్పుకోదగ్గ అనుమానం. ఇంకొకటి ఉంది. అది మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి అనేది కాదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

మా అమ్మవి పిల్లి కళ్లు. ఆమె రంగు మా అందరిలాగే చామనఛాయ. కళ్లు మాత్రం లేత తేనె రంగు. ఎండలో నిలబడితే ఇంకా తేలిపోయి కనిపిస్తాయి. వాళ్ల అమ్మ, అంటే మా అమ్మమ్మ, వయసులో ఉండగా బంగళాలో ఆయా. దొరగారి చిన్నబ్బాయిని పెంచింది ఆమే. మా తాత ఆ బంగళాలోనే తోట పని చేసేవాడట. మా అమ్మకు మాటలు రాకముందే విషజ్వరం వచ్చి పోయాడు. మగదిక్కు లేని ఆడమనిషి, దొర ఇంట్లో పని, చంకలో పిల్లి కళ్ల బిడ్డ. ఊరికి ఇంతకన్నా ఏం కావాలి?

నాకీ సంగతి మూడో తరగతిలో తెలిసింది. పలకల దగ్గర ఏదో పోట్లాట వచ్చి, పక్కింటి పిల్ల "పోమే, మీయమ్మ దొరబిడ్డంట గదా" అంది. అది తిట్టో పొగడ్తో తేల్చుకోలేక ఇంటికి వచ్చి అమ్మనే అడిగాను. చెంప పగిలేలా కొట్టింది. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ నా మీద చెయ్యెత్తి ఎరగదు. అమ్మమ్మ అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు, నన్ను దగ్గరికి పిలవలేదు.

ఊరికి దొరికిన సాక్ష్యం కళ్లు ఒక్కటే అయితే ఎప్పుడో పాతబడిపోయేది. అమ్మమ్మ బల్ల తీసుకోదు. అసలు సాక్ష్యం అదీ.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్కల పళ్లెం, తర్వాత ద్రాక్షరసం గ్లాసుల పళ్లెం, చాపల మీద కూర్చున్నవాళ్ల మధ్య చేతులు మారుతూ వెళతాయి. అందరూ తలలు వంచి కళ్లు మూసుకోవాలి. మా ఆడవాళ్ల వైపు కళ్లు మూసుకునేవాళ్లు తక్కువ. ఎవరు తీసుకున్నారు, ఎవరు తీసుకోకుండా పక్కకు అందించారు అన్నది ఆ నెలంతా మాట్లాడుకోవడానికి సరిపోయే విషయం. తీసుకోనివాళ్లు రెండు రకాలు. మనసులో ఎవరి మీదైనా కోపం ఉంచుకుని బల్ల ముట్టకూడదు, ముందు పోయి రాజీపడి రావాలని పాస్టర్లు చెబుతారు. అందుకే శనివారం సాయంత్రం మా వీధిలో తోడికోడళ్లు, పాలివాళ్లు ఒకరి గుమ్మం ఒకరు ఎక్కుతారు. "మనసులో పెట్టుకోవద్దక్కా" అని ఒక మాట అనుకుంటారు. మొండికేసినవాళ్లు ఒక నెల మానేసి, పై నెలకు దారికొస్తారు. రెండో రకం పాపం చేసినవాళ్లు. వాళ్లను సంఘమే కొంతకాలం ఆపుతుంది, లేదా వాళ్లే భయపడి ఆగిపోతారు. కాబట్టి మావాళ్ల లెక్క చాలా సులువు. ఒకటి రెండు నెలలు మానేస్తే కోపం, ఏళ్ల తరబడి మానేస్తే పాపం.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మమ్మ పళ్లెం అందుకోవడం, దానివైపు చూడకుండా నాకు అవతల ఉన్న మనిషికి అందించడం చూస్తూనే ఉన్నాను. ఒకసారి అడిగాను కూడా. "నాకు అరగదులేమే" అంది. వేలి గోరంత రొట్టె ముక్క అరగదట! అదే మనిషి పొద్దున చద్దన్నంలో నంజుకోవడానికి ఎండుచేప కాల్చుకుని మరీ తిని వచ్చింది. చనిపోయే దాకా ఆమె బల్ల ముట్టలేదు. సమాధి దగ్గర మట్టి వేస్తూ కూడా ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకోవడం నేను గమనించాను. నిప్పు లేనిదే పొగ రాదని ఆ చూపులకు అర్థం. నిజం చెప్పాలంటే, నాకూ ఆ నిప్పు ఉండే ఉంటుందని లోపల్లోపల అనిపించేది.

ఈ నేపథ్యంలో అమెరికా ఆమె కారు దిగింది. నా ఈడు మనిషే. నెల్లూరులో కొన్నట్టుంది, భుజాలు జారిపోతున్న నూలు చుడీదార్ వేసుకుంది. ఎవరూ చెప్పకుండానే గుమ్మం బయట చెప్పులు విడిచింది. ఎవరో నేర్పించి పంపారని అనుకున్నాను. వంగి మా అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఇదీ నేర్పించారు అనుకున్నాను. మా ఇంటి గోడలు, పైకప్పు, పెరటి వైపు ఉన్న ప్రహరీ, అన్నీ తేరిపార చూసింది. నేను కొలతలు తీస్తున్నవాళ్లను చూసినట్టు ఆమెను చూశాను. ఒక్కటి మాత్రం అనుకోకుండా కంటబడింది. ఆమె కళ్లు మా పాస్టరుగారి కళ్లంత నల్లగా ఉన్నాయి.

ఆమె సంచిలోంచి ఒక పొడుగాటి కాగితం చుట్ట తీసి మా అమ్మ నవారు మంచం మీద పరిచింది. అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు స్టీలు గ్లాసులు పెట్టాం. పైన ఒక మొగుడూ పెళ్లాం. అక్కడి నుంచి గీతలు పాయలు పాయలుగా కిందికి దిగాయి. అమెరికా ఇంకా దేశం కాకముందు, ఇంగ్లండు రాజు కింద వలస రాజ్యంగా ఉన్న కాలంలో, ఆ ఇద్దరూ ఓడ దిగారట. మొదటి చలికాలానికే వాళ్లతో వచ్చినవాళ్లలో చాలామంది చచ్చిపోయారట. వీళ్లు బతికి, అడవి కొట్టి సాగు చేసుకున్నారట. ఆమె ఇంగ్లీషులో చెప్పడం, నేను తెలుగులో మా అమ్మకు చెప్పడం. పాస్టరుగారు తల ఊపడం.

"ఆ నేల ఎవరి దగ్గర కొన్నారు?" అని అడిగాను. పాత అలవాటు ఎక్కడికి పోతుంది.

"కొనలేదు. అక్కడ ముందు నుంచీ మనుషులున్నారు. వాళ్లను వెళ్లగొట్టారు. అది కూడా రాస్తున్నాను," అంది ఆమె.

మా అమ్మకు చెప్పాను. "అట్టనా? అయితే మన మాదిరే, కాగితాలు లేనోళ్లే," అంది మా అమ్మ తృప్తిగా. "మనం ఎవుర్నీ తరమలేదులే."

ఆ తర్వాత ఆమె మా తరాలు అడిగింది. మా అమ్మ వేళ్లు మడిచింది. తను, తన అమ్మ, తన తాత. మూడో వేలు దగ్గర ఆగిపోయింది.

"ఆయనకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు పేరు మార్చినారు. పాత పేరేందో ఆయన ఎవురికీ చెప్పలేదంట. అక్కడితో సరి."

ఇంగ్లీషులో విని ఆమె అయ్యో అంది. నాకు ఆ అయ్యో నచ్చలేదు. "మేమేం పోగొట్టుకోలేదు మేడం, ఆ పేరుతో పిలిచి ఆయన్ని వీధి చివర నిలబెట్టేవాళ్లు. అందుకని ఆయనే వదిలేసుకున్నాడు," అన్నాను. ఆమె అది కూడా పుస్తకంలో రాసుకుంది. ఇంత రాసుకునే మనిషి సంగతి ఏదో ఉంది అనుకున్నాను.

ఇంతలో రానే వచ్చింది. "మీ అమ్మగారు బంగళాలోనే పుట్టారని విన్నాను. నిజమేనా?" అని అడిగింది. అడుగుతూ మా అమ్మ కళ్లలోకి చూసింది. మామూలుగా కాదు, తలుపు సందులోంచి లోపలికి చూసినట్టు వంగి మరీ చూసింది.

నా ఒళ్లు మండిపోయింది. "మీకేం కావాలో సూటిగా చెప్పండి. ఈ కాంపౌండు మీద మీకేమైనా హక్కు ఉందనుకుంటున్నారా?"

ఆమెకు అర్థం కాలేదు. పాస్టరుగారు దగ్గారు. "నాకు నేల ఏం చేసుకోవడానికి?" అంది ఆమె తెల్లబోయి. కాగితం అడుగున, తన తండ్రి ఉన్న వరస మీద వేలు పెట్టింది. "మా నాయనమ్మ అవసాన దశలో ఒక మాట అంది, మీ తాతకు ఆ ఊళ్లో ఒక కూతురుందని చెప్పుకున్నారు అని. మా ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇంతమందిని వెతికి వెతికి రాశాను. ఒకామెను, నల్లపిల్ల గనక, ఊరికే వదిలేశానని రేపు అనిపించుకోకూడదు. మీ అమ్మ నాకు మేనత్త అవునో కాదో తెలుసుకోవాలని వచ్చాను." ఇదీ ఆమె చెప్పింది.

ఆ మనిషి మీద అరవాలో, ఇంత దూరం ఇందుకు వచ్చినందుకు మెచ్చుకోవాలో తెలియలేదు. ఊళ్లో చాటుమాటు గొణుగుడు సముద్రం దాటి వెళ్లి, అక్కడొక ఇంట్లో కూడా ఇన్నేళ్లు కూర్చుందన్నమాట.

"ఏమంటుండాదిమే?" అంది మా అమ్మ.

"బంగళా అప్పుడు బాగుండేదా అని అడుగుతుండాది."

"నీకు అబద్ధం చెప్పను చాతగాదు. మొహం చూస్తే తెలవలా?" మా అమ్మ గొంతు మెల్లగా ఉంది. "ఆమె ఎందుకొస్తుండాదో, వస్తుందని విన్నప్పుడే నాకు తెలిసిపోయింది. అడగమను. నాకూ తెలుసుకోవాలనే ఉండాది. నేను ఎవరి బిడ్డనో తెలవకుండా చావమంటావా?"

అరవై ఏళ్లు దాటిన నేను ఆ మాటకు మూడో తరగతి పిల్లనైపోయాను. ఆ రోజు చెంప పగలగొట్టింది, అది అబద్ధం గనక కాదా? ఊరు అంటోంది, మేం ఓర్చుకుంటున్నాం, మా అమ్మకు మాత్రం నిజం తెలుసు, ఆ ధీమాతోనే తలెత్తుకుని తిరుగుతోంది అని నేను అనుకుంటూ వచ్చాను. ఆమెకూ తెలియదు. ఆమెదీ అనుమానమే.

అమెరికా ఆమె మా అమ్మ పుట్టిన తేదీ అడిగింది. మా అమ్మ స్కూలు రికార్డులో ఉన్నది హెడ్మాస్టరుగారు నోటికొచ్చినట్టు వేసిన తేదీ. దానితో పనిలేదు. పెద్ద గాలివానప్పుడు పుట్టానని మా అమ్మ చెప్పింది. ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. సముద్రం పొంగి ఉప్పునీళ్లు ఊరి మీదికి వస్తున్నాయి. పూరిళ్లన్నీ లేచిపోయాయి. ఊరి మొత్తానికి మిద్దె ఉన్నది బంగళా ఒక్కటే, దానికేమో తాళం. మగవాళ్లు గునపంతో తాళం పగలగొట్టారు. నొప్పులు పడుతున్న అమ్మమ్మను నులక మంచం మీద వేసి మేడ మెట్లెక్కించారు. దొరసాని పడుకునే గదిలో మా అమ్మ పుట్టింది.

ఈ కథ నేను ఇంగ్లీషులో చెప్పడం ముగించానో లేదో, ఆమె చెయ్యెత్తి ఆపింది.

"తాళం ఎందుకు వేసి ఉంది?"

"దొరలు దేశం పోయుండారు గదా," అంది మా అమ్మ, ఇది కూడా తెలియదా అన్నట్టు. దొరలు కొన్నేళ్లకోసారి పొడుగు సెలవు మీద వాళ్ల దేశం వెళ్లి వచ్చేవారు.

"ఎప్పుడు వెళ్లారు?"

"మా అమ్మ పెళ్లికి ముందే. పెళ్లయిన ఏడాది దాటినాక గదా నేను పుట్టింది. ఆమెకు ఎప్పుడూ అదే బాధ. తోటలో పని చేసే పిల్లోడికీ బంగళా చిమ్మే పిల్లకీ దొరే దగ్గరుండి సంబంధం కుదిర్చినాడంట. తీరా పెళ్లికి ఆయన లేకపోయె. నెల్లూరు నించి వేరే పాస్టరు వచ్చి పెళ్లి చేసినాడు. దొర చేతి మీద జరగలేదని మా అమ్మ చచ్చేదాకా చెప్పుకునింది."

నేను ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. అమెరికా ఆమె అప్పటికే కాగితం మీద వంగి ఉంది. తన తండ్రి పేరు కింద వేలు పెట్టింది. "మా నాన్న పుట్టింది ఆ సెలవులోనే, మా దేశంలోనే. అప్పుడు యుద్ధం. ఓడలు దొరక్క రెండేళ్ల పైన అక్కడే ఉండిపోయారు. నాన్నకు నడక వచ్చాకే మళ్లీ ఇక్కడికి వచ్చారు. ఆయన్ని ఎత్తుకోవడానికి ఇక్కడొక ఆయాను పెట్టుకున్నారు, ఆమెకూ అదే వయసు పాప ఉండేదట." ఇదంతా ఆమె తనలో తాను చదువుకుంటున్నట్టు చెప్పింది.

దొర ఓడెక్కాక పెళ్లయింది. పెళ్లయి ఏడాది దాటాక, దొర ఓడ దిగకముందే బిడ్డ పుట్టింది. ఇందులో చిక్కేముంది? ఆ పెళ్లి కథ ఊరికి తెలుసు, గాలివాన కథ ఊరికి తెలుసు, ఆ తాళం పగలగొట్టింది ఊరే. అయినా ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, బిడ్డకు పిల్లి కళ్లు అనగానే అయితే దొరే అన్నారు తప్ప, రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఒక్కరు లేరు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఒక ఆస్తి పాత దస్తావేజులు వరసపెట్టి తిరగేయడమే ఉద్యోగంగా బతికిన నాకూ తట్టలేదు.

"మీ తాతవి కూడా నల్ల కళ్లేనా?" అని అడిగాను ఆమెను.

"మా ఇంట్లో అందరివీ ఇవే," అంది తన కళ్లు చూపించి.

దొర అంటే పిల్లి కళ్లే ఉంటాయని ఊరు తీర్మానించుకుంది. ఆయన్ని చూసినవాళ్లు పోయాక ఆ తీర్మానానికి తిరుగు లేకుండా పోయింది. మరి మా అమ్మకు ఆ కళ్లు ఎక్కడి నుంచి వచ్చాయంటారా? పాత పేరుతో పాటు వదిలేసిన ఆ మనుషుల్లో ఎవరివో. వాళ్ల లెక్క ఇంక ఎవరికీ తెలియదు.

పాస్టరుగారు "స్తోత్రం" అన్నారు గట్టిగా. అమెరికా ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తాత మీద మచ్చ పోయినందుకు సంతోషమో, దొరికిందనుకున్న మేనత్త చేజారినందుకు దిగులో, రెండూ కనిపించాయి. మా అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వెళ్లేటప్పుడు, ఆ చెట్టులో లేకపోయినా సరే, మా నాన్నను పెంచిన ఆయా అని మీ అమ్మమ్మ పేరు పక్కన రాసుకోవచ్చా అని నన్ను అడిగింది. రాసుకోమన్నాను. అయినా ఆ సోమవారం పాత ఆఫీసుకు వెళ్లి కాంపౌండు సర్వే నంబరు మీద ఈసీ తీయించి, ఆ నేల మీద ఎవరైనా ఏమైనా రిజిస్టరు చేయించుకున్నారేమో చూశాను. ఏమీ లేదు. పాస్టరుగారు ఆ రోజు కిటికీలోంచి బంగళా వైపు ఎందుకు చూశారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇక కారు వెళ్లిపోయిన సాయంత్రం సంగతి. నేను ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. వీధిలోకి వెళ్లి ఇంటింటికీ చెప్పి రావాలనిపించింది. అమ్మమ్మ సమాధి దగ్గర ఆ చూపులు చూసుకున్న ఇద్దరిలో ఒకామె ఇంకా బతికే ఉంది. ముందు ఆమె గుమ్మంలోకే వెళతానని మా అమ్మతో అన్నాను. ఆమె మంచం మీద కాగితం పరిచిన చోటే కూర్చుని, గ్లాసులు నాలుగూ ఒళ్లో పెట్టుకుని ఉంది.

"మా అమ్మను నేనడిగినానుమే," అంది.

"ఏమని?"

"నేనెవరి బిడ్డనని."

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"బుచ్చిరెడ్డిపాలెం వాళ్ల సంబంధం మొదట కుదిరింది నాకు. మీ నాయన కంటే ముందు. అన్నీ అనుకున్నాక వద్దని కబురు పంపినారు. ఎందుకో నాకు ఎవురూ చెప్పబళ్లా. ఆ ఉడుకు మీద వంటింట్లోకి పోయినా. ఆమె చేపలు తోముతా ఉండింది. నేనెవురి బిడ్డను, నిజం చెప్పు అని నిలదీసినా. ఇంకా చాలా అన్నాలే, అవి నీకు చెప్పను."

"అమ్మమ్మ ఏమనింది?"

"ఏమీ అనలా. చేతులు కడుక్కొని లేచి పెరట్లోకి పోయింది. ఆ పై నెల నించి బల్ల మానేసింది."

నాకు ఒక్కసారిగా ఏదో తెలిసినట్టయింది. "అంతకు ముందు తీసుకునేదా?"

"ప్రతి నెలా తీసుకునేది. ముందు వరసలో కూర్చునేది." మా అమ్మ గ్లాసుల్ని ఒకదానిలో ఒకటి దూర్చి, మళ్లీ విడదీసింది. "నేనేమనుకున్నానంటే, నోటితో చెప్పలేక అట్టా ఒప్పుకునింది అనుకున్నా. పాపం గాబట్టే మానేసింది అనుకున్నా. పోనీలే, తల్లి గదా, నేనన్నా ఆమెను క్షమించాల అనుకోని, మనసులో క్షమించేసినా. ఎంత గర్వమో నాకు, అంత పెద్ద తప్పును క్షమించినానని. అది పెట్టుకోని నేను ప్రతి నెలా బల్ల తీసుకున్నా, ఆమె పక్కనే కూర్చోని."

"అమ్మా, నీకు తెలవదు గదా..."

"కోపమొచ్చి మానేసిందిమే ఆమె. కన్నబిడ్డ అంత మాట అంటే ఎవురికి రాదు కోపం? అందరి మాదిరే ఒక నెల మానేసింది. శనివారం నేను పోయి, తప్పయిందమ్మా, మనసులో పెట్టుకోవద్దు అంటానని చూసింది. నేను పోలా. పై నెల చూసింది. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే కుండలో కూడు తిన్నాం. నేను పోలా. చచ్చిపోయిన వారం కూడా చూసుంటుంది."

బయట చర్చి తలుపులు తెరుస్తున్న చప్పుడు వినిపించింది. శనివారం కదా, రేపు నెల మొదటి ఆదివారం, బల్లకు చాపలు దులుపుతున్నారు. వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తూ గుమ్మం ఎక్కుతున్నారు. నేను మా అమ్మ భుజం మీద చెయ్యి వేశాను. ఇన్నాళ్లకు నిజం తెలిసింది కదమ్మా, అది చాలదా అన్నాను.

మా అమ్మ ఆ తేనె రంగు కళ్లు నా వైపు తిప్పింది. "తెలిసింది. ఇప్పుడు నేను ఎవురి గడప ఎక్కాలమే?" అంది.